మజ్లిస్ ఎవరిది?

పాతబస్తీలో మజ్లిస్ గురించి చెప్పాలంటే పార్టీ పేరెత్తనక్కర్లేదు, దాని గుర్తు పతంగ్ అంటే చాలు. కానీ మజ్లిస్ పేరు చుట్టూ నడిచిన తగవులకు మూడు దశాబ్దాల చరిత్ర ఉంది. ఇంటి తగవు ఓటరు దగ్గర తేలింది. కోర్టుకెక్కింది మాత్రం బయటివాళ్లు వేసిన వ్యాజ్యం.

1927లో పుట్టిన మజ్లిస్ నిజాం పక్షాన నిలిచిన సంస్థ. ఖాసిం రజ్వీ హయాంలో రజాకార్ల దారి పట్టి, 1948 పోలీసు చర్యతో మూతబడింది. 1957లో జైలు నుంచి బయటికొచ్చిన రజ్వీ పాకిస్తాన్ వెళ్లిపోతూ పగ్గాలు అబ్దుల్ వాహెద్ ఒవైసీకి అప్పగించారు. ఆయన పాత పేరు ఉంచి, రాజ్యాంగానికి లోబడిన పార్టీగా మలిచారు. ఆయన కొడుకు సలావుద్దీన్ 1962లో పత్తర్‌గట్టి నుంచి శాసనసభకూ, 1984లో హైదరాబాదు నుంచి లోక్‌సభకూ గెలిచింది స్వతంత్రుడిగానే. పార్టీల నమోదుకు ప్రజాప్రాతినిధ్య చట్టంలో 29ఏ సెక్షన్ అమల్లోకి వచ్చింది 1989లో. మజ్లిస్ నమోదైంది 1992లో.

ఆ ఏడాది చివర్లోనే బాబ్రీ మసీదు కూలింది. నాయకత్వం పి.వి. నరసింహారావు ప్రభుత్వాన్ని గట్టిగా నిలదీయలేదన్న కోపంతో ఎమ్మెల్యే అమానుల్లా ఖాన్ 1993లో విడిపోయి మజ్లిస్ బచావో తహ్రీక్ (మజ్లిస్‌ను కాపాడే ఉద్యమం) పెట్టారు. పేరులోనే హక్కు చాటుకున్నట్టు! 1994 ఎన్నికల్లో తహ్రీక్‌కు చాంద్రాయణగుట్ట, యాకుత్‌పురా దక్కాయి. అసలు మజ్లిస్‌కు చార్మినార్ ఒక్కటే మిగిలింది, అక్కడ గెలిచింది సలావుద్దీన్ కొడుకు అసదుద్దీన్.

మరుసటి ఏడాది తెలుగుదేశం చీలితే దారి వేరైంది. ఎమ్మెల్యేల తలలు లెక్కపెట్టారు, సైకిల్ గుర్తు చంద్రబాబు వర్గానికి పోయింది. ఎవరి బలం ఎంతో చూసి గుర్తు ఇవ్వొచ్చని 1971లో సాదిక్ అలీ కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకున్న పద్ధతే అది. మజ్లిస్ చీలికను మాత్రం ఓటర్లే తేల్చారు. 1999లో అసదుద్దీన్ తమ్ముడు అక్బరుద్దీన్ అమానుల్లాను ఓడించారు. అయినా పోరు ఆరిపోలేదు. 2023లో యాకుత్‌పురాలో మజ్లిస్ గట్టెక్కింది కేవలం 878 ఓట్లతో తహ్రీక్ మీద.

ఇక బయటివాళ్ల వ్యాజ్యం సంగతి. మజ్లిస్‌కు 2014లో తెలంగాణలో రాష్ట్ర పార్టీగా వచ్చిన గుర్తింపును, దాని నమోదును రద్దు చేయమంటూ తిరుపతి నరసింహ మురారి అనే వ్యక్తి 2018లో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. ఒక్క మతం కోసమే పనిచేసే పార్టీ లౌకికవాదానికి విరుద్ధమన్నది ఆయన వాదన. 2024 నవంబరులో జస్టిస్ ప్రతీక్ జలాన్ ఆ పిటిషన్‌ను కొట్టేశారు: రాజ్యాంగానికి విధేయత ప్రకటించాలన్న చట్టపు షరతును పార్టీ తీర్చింది, తమకు నచ్చిన రాజకీయ విశ్వాసాలతో పార్టీ పెట్టుకోవడం దాని సభ్యుల ప్రాథమిక హక్కు. నా లెక్కలో ఇది సరైన తీర్పే. ఒకసారి నమోదైన పార్టీని, మోసంతో నమోదు సంపాదించడం లాంటి అరుదైన కారణాలుంటే తప్ప, ఎన్నికల సంఘం తీసేయలేదని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది కదా.

2025 జులై 15న సుప్రీంకోర్టులోనూ నిలవక పిటిషన్‌ను వెనక్కి తీసుకున్నారు. ఒక్క పార్టీని వేలెత్తి చూపకుండా, అందరికీ వర్తించేలా వస్తే వింటామంది ధర్మాసనం. కులాన్ని నమ్ముకున్న పార్టీల ప్రస్తావనా అక్కడే వచ్చింది. అలాంటి వ్యాజ్యం పడితే బోనెక్కాల్సింది మజ్లిస్ కార్యాలయం దారుస్సలాం ఒక్కటే కాదు.