ఎవరింట అన్నం తిని చదివాం? వారాల నుంచి వసతి దీవెన దాకా

ఈ ఎపిసోడ్‌లో పెద్ద చదువుల గురించి, ఆ చదువులకి ప్రభుత్వం ఇచ్చే డబ్బు గురించి మాట్లాడుకుందాం. ఈ విషయం ఎత్తగానే మనం ఫీజు దగ్గర మొదలుపెడతాం. ఫీజు ఎంత, ఎవరు కట్టారు, బకాయి ఎంత అని. నేను ఇవాళ ఇంకో చోట మొదలుపెడతాను. చదువుకునే కుర్రాడు మధ్యాహ్నం ఎక్కడ తిన్నాడు? రాత్రి ఎక్కడ పడుకున్నాడు? శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల చదువుల చరిత్రని ఈ ప్రశ్న పట్టుకుని చూస్తే, ప్రభుత్వం ఎక్కడ ఆదుకుందో, ఎక్కడ చేయి వదిలేసిందో బాగా తెలుస్తుంది.

గురజాడ అప్పారావు గారి దగ్గర్నుంచి వద్దాం. ఆయన 1862లో పుట్టారు. తండ్రి ఉద్యోగం చీపురుపల్లిలో కాబట్టి చిన్నప్పటి చదువు అక్కడే సాగింది. తండ్రి పోయాక విజయనగరం వచ్చారు. అప్పటికి విజయనగరంలో రాజావారి బడి ఉంది. 1857లో బడిగా మొదలై, 1879లో కాలేజీ అయింది. అదే మనం ఎమ్మార్ కాలేజీ అంటున్నది. తండ్రి లేని ఆ పిల్లాడికి ఉండటానికి చోటు, తినడానికి తిండి ఇచ్చింది ఆ కాలేజీ ప్రిన్సిపాల్ చంద్రశేఖర శాస్త్రి గారు. 1882లో మెట్రిక్, 1884లో ఎఫ్.ఏ., 1886లో బి.ఏ. తర్వాత అదే కాలేజీలో పాఠాలు చెప్పారు. అంటే ఏంటి? కాలేజీ జమీ డబ్బుతో నడిచింది, కుర్రాడు ఒక మాస్టారి దయతో చదివాడు. ఆ మాస్టారికి ఆ మనసు లేకపోతే మనకి కన్యాశుల్కం ఉండేదో లేదో చెప్పలేం.

ఆ రోజుల్లో ఇది ఒక్కరి కథ కాదు. దీనికి ఒక పద్ధతి ఉంది. దాన్ని 'వారాలు చేసుకోవడం' అంటారు. ఊళ్లో ఏడు ఇళ్లు మాట్లాడుకుంటారు. సోమవారం ఒకరింట భోజనం, మంగళవారం ఇంకొకరింట. అలా వారం గడిచిపోతుంది. ఇంకోటి మధుకరం. తేనెటీగ పువ్వు పువ్వుకీ తిరిగినట్టు, జోలె పట్టుకుని ఇంటింటికీ వెళ్లి వండిన అన్నం తెచ్చుకోవడం. విజయనగరంలో మధుకరం అనగానే గుర్తొచ్చేది ఘంటసాల వెంకటేశ్వరరావు గారు. కృష్ణా జిల్లా నుంచి సంగీతం కోసం వచ్చారు. చేతి ఉంగరం అమ్ముకుని రైలెక్కారని చెబుతారు. 1919లో పెట్టిన ఆ సంగీత కళాశాలకి మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. ఘంటసాల వచ్చేసరికి ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ప్రిన్సిపాల్. కాలేజీ ఉంది, అంతటి గురువులున్నారు. అన్నం మాత్రం లేదు. పట్రాయని సీతారామశాస్త్రి గారు చేరదీశారు. జోలె పట్టుకుని తిరిగి తిన్న అన్నంతోనే ఆయన చదువు సాగింది.

ఈ కథలు విన్నప్పుడు మనకి గర్వంగా ఉంటుంది. అన్నం పెట్టిన ఆ తల్లులందరికీ దండం పెట్టాల్సిందే. కాకపోతే చరిత్ర చెప్పేటప్పుడు ఇంకో ప్రశ్న కూడా అడగాలి. ఆ వారాలు ఎవరికి దొరికాయి? వారం ఇచ్చే ఇల్లు, కుర్రాడి కులం అడిగి ఇచ్చేది. భావనపాడు మత్స్యకారుల పిల్లాడికి, రెల్లి పిల్లాడికి, కొండ మీది సవర, జాతాపు పిల్లాడికి ఆ ఏడు ఇళ్ల గుమ్మాలూ మూసే ఉండేవి. ఆ పద్ధతిలో ఆడపిల్లకి చోటే లేదు. ఊళ్లో దయ లేదని నేను అనట్లేదు. ఆ దయకి ఒక కంచె ఉందంటున్నాను.

ఆ కంచె దాటి చూసినవాళ్లలో గిడుగు రామమూర్తి గారు ఒకరు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టి, పర్లాకిమిడిలో మాస్టారుగా చేశారు. సవర భాష నేర్చుకుని, సవరల కోసం పుస్తకాలు రాశారు, సొంత డబ్బుతో బళ్లు నడిపారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, అది నాకొద్దు, ఆ డబ్బుతో సవరలకి బడి పెట్టండి అన్నారని చెబుతారు. చదువుకి డబ్బు పెట్టాల్సింది ఎవరు అన్న దానికి మన ప్రాంతంలో దొరికే తొలి సమాధానాల్లో ఇదొకటి. 1936లో ఒడిశా ఏర్పడ్డాక పర్లాకిమిడి అటు వెళ్లిపోయింది. అక్కడి రాజావారి కాలేజీ కూడా అటే పోయింది.

ఇప్పుడు ప్రభుత్వం దగ్గరికి వద్దాం. మద్రాసు ప్రెసిడెన్సీలో 1920 తర్వాత లేబర్ డిపార్ట్‌మెంట్ అణగారిన కులాల పిల్లలకి బళ్లు, హాస్టళ్లు పెట్టడం మొదలుపెట్టింది. 1944లో, అంబేద్కర్ గారు కేంద్రంలో లేబర్ మెంబరుగా ఉన్న రోజుల్లో, ఎస్సీ విద్యార్థులకి పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ వచ్చింది. తర్వాత అది గిరిజనులకీ అందింది. 1970లో అనంతరామన్ కమిషన్ నివేదికతో రాష్ట్రంలో బీసీలకి 25 శాతం రిజర్వేషన్ వచ్చింది. తూర్పు కాపులు, కొప్పుల వెలమలు, కాళింగులు, మత్స్యకారులు ఇంతమంది ఉన్న మన జిల్లాలకి అదెంత పెద్ద విషయమో వేరే చెప్పక్కర్లేదు.

స్కాలర్‌షిప్ రావడంతో మారిందేంటంటే, అడిగే తీరు మారింది. వారం అడిగే పిల్లాడు గుమ్మం ముందు తలొంచుకుని నిలబడతాడు. స్కాలర్‌షిప్ అడిగే పిల్లాడు దరఖాస్తు పెడతాడు. రాకపోతే కలెక్టరాఫీసు ముందు కూర్చుంటాడు. మెస్ చార్జీలు పెంచాలి అన్న నినాదం మన జిల్లాల్లో ఏ విద్యార్థి సంఘం వాళ్లనడిగినా చెప్తారు. ఆ నినాదం వెనక, ఇది నా హక్కు అన్న మాట ఉంది. నా లెక్కలో ఇంగ్లీషు చదువు ఎంత పెద్ద మార్పో, ఇదీ అంత పెద్ద మార్పే.

అయితే హాస్టళ్లు ఎక్కువగా పదో తరగతి దాకానే. ఆ తర్వాత? మా తరంలో చాలామంది చేసింది ఒకటే. పట్నంలో నలుగురు కలిసి ఒక గది తీసుకోవడం, శనివారం బస్సెక్కి ఊరెళ్లడం, ఆదివారం సాయంత్రం బియ్యం మూట, ఇంత చోడిపిండి, పచ్చడి జాడీతో తిరిగి రావడం. నేనూ అలాగే చదివాను. నెలాఖరుకి కిరోసిన్ అయిపోతే చదువుకంటే ముందు పొయ్యి గురించే ఆలోచించేవాళ్లం. ఫీజు కట్టలేక మానేసినవాళ్లు తక్కువ. గది అద్దె, తిండి, ఇంటికి రావాల్సిన కూలి, ఈ మూడూ కలిసి లాగేస్తే మానేసినవాళ్లే ఎక్కువ. నా చుట్టూ చూసింది చెప్తున్నాను.

తర్వాత కాలేజీలు మనకి దగ్గరగా వచ్చాయి. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయమే చాలాకాలం మనకి దిక్కు. 1977లో ఆ యూనివర్సిటీ శ్రీకాకుళంలో పీజీ సెంటర్ పెట్టింది. ఎచ్చెర్లలో ఉన్న ఆ సెంటరే 2008లో అంబేద్కర్ విశ్వవిద్యాలయం అయింది. విజయనగరంలో 2007లో జేఎన్టీయూ కాలేజీ వచ్చింది. 2022లో అది గురజాడ పేరుతో విశ్వవిద్యాలయంగా మారింది. విభజన చట్టంలో మాటిచ్చిన గిరిజన విశ్వవిద్యాలయం 2019లో విజయనగరంలో మొదలైంది. 2016లో శ్రీకాకుళానికి ట్రిపుల్ ఐటీ వచ్చింది. ఇది నాకు ముఖ్యం. పదో తరగతి మార్కులతో సీటు, ప్రభుత్వ బడి పిల్లలకి అదనపు పాయింట్లు, ఆరేళ్లు అక్కడే ఉండి చదువు. అంటే చదువు, మంచం, కంచం మూడూ ఒక్క చోటే. మన పల్లెల అవసరం తెలిసి చేసిన విధానం అది.

కానీ అందరికీ ట్రిపుల్ ఐటీ సీటు రాదు కదా. మిగిలినవాళ్ల కోసం 2008లో వైఎస్ ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్ పెట్టింది. ఆఫీసు భాషలో దీంట్లో రెండు ముక్కలుంటాయి. ఒకటి ఆర్టీఎఫ్, అంటే ట్యూషన్ ఫీజు. రెండోది ఎంటీఎఫ్, అంటే తిండీ వసతీ ఖర్చు. ఫీజు ముక్క కాలేజీకి వెళ్తుంది, ఖర్చుల ముక్క పిల్లాడికి రావాలి. కూలి చేసుకునే ఇంటి పిల్లలు ఇంజినీర్లు అయ్యారు, అది కాదనలేని నిజం. దాంతోపాటు ఆ ఫీజుల మీదే బతికే ప్రైవేటు కాలేజీలూ మొలిచాయి. భారం పెరిగాక 2012లో మెలిక పెట్టారు. 10 వేల లోపు ర్యాంకుంటే పూర్తి ఫీజు, దాటితే బీసీ, ఈబీసీలకి 35 వేల రూపాయలే. ఎస్సీ, ఎస్టీలకి మాత్రం పూర్తిగా ఉంచారు.

ఇక 2020 ఫిబ్రవరి 24. ముఖ్యమంత్రి జగన్ గారు జగనన్న వసతి దీవెన మొదలుపెట్టారు. ఎక్కడో తెలుసా? విజయనగరంలోనే. ఐటీఐ వాళ్లకి ఏడాదికి 10 వేలు, పాలిటెక్నిక్ వాళ్లకి 15 వేలు, డిగ్రీ, ఆ పైన 20 వేలు. ఘంటసాల జోలె పట్టుకుని తిరిగిన ఊళ్లోనే, విద్యార్థి తిండి ఖర్చు ప్రభుత్వానిది అని ప్రకటన వచ్చింది. ఫీజు డబ్బు కూడా 2021 నుంచి తల్లుల ఖాతాలో వేశారు. అదే ప్రభుత్వం 2020 డిసెంబరులో జీవో 77 తెచ్చి ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్లకి రీయింబర్స్‌మెంట్ ఆపేసింది. 2024లో ప్రభుత్వం మారాక ఫీజు మళ్లీ కాలేజీ ఖాతాకే అన్నారు. పేరు మారింది, ఖాతా మారింది. మారనిది ఒక్కటే, ఆలస్యం. ఏ పార్టీ వచ్చినా బకాయిలు ఉంటూనే ఉన్నాయి.

ఆలస్యమైతే ఏమవుతుంది? కాలేజీ సర్టిఫికెట్లు పట్టుకుంటుంది. కుర్రాడు అప్పుచేసి కట్టి, సర్టిఫికెట్ తెచ్చుకుని, ఉద్యోగానికి వెళ్తాడు. ఫీజు అడగడానికి కాలేజీ ఉంది, యాజమాన్యాల సంఘం ఉంది. తిండి డబ్బు అడగడానికి ఎవరున్నారు? అందుకే ముందు ఆగేది ఎంటీఎఫే. హక్కు అయినది, ఎప్పుడొస్తుందో తెలియకపోవడంతో మళ్లీ దయ అయిపోతుంది. పథకానికి మనుషుల పేర్లు పెట్టడం, బటన్ నొక్కడానికి సభలు పెట్టడం కూడా ఆ దారిలోవే అని నా అభిప్రాయం.

చివరగా మూడో దారి, అప్రెంటిస్. ఇది మనకి కొత్తేం కాదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణ చేసేవాళ్లు, బుడితిలో కంచు, ఇత్తడి సామాన్లు చేసేవాళ్లు తండ్రి పక్కన కూర్చునే నేర్చుకున్నారు. తింటూనే నేర్చుకున్నారు. కాకపోతే దానికి సర్టిఫికెట్ లేదు. స్వాతంత్య్రం తర్వాత ఐటీఐలు వచ్చాయి, 1961లో అప్రెంటిస్ చట్టం వచ్చింది. ఫిట్టర్, వెల్డర్, ఎలక్ట్రీషియన్ చేసిన మన కుర్రాళ్లు విశాఖ షిప్‌యార్డుకి, నేవల్ డాక్‌యార్డుకి, రైల్వేకి, స్టీల్ ప్లాంటుకి దారి పట్టారు. పని నేర్చుకుంటూ నెల నెలా స్టైపెండ్ తీసుకోవడం కదా, మన ప్రశ్నకి ఇదే సరైన జవాబులా ఉంటుంది.

కానీ చట్టంలో ఒక మాటుంది. అప్రెంటిస్ శిక్షణలో ఉన్నవాడు, కార్మికుడు కాడు. అందుకని కార్మిక చట్టాలు చాలావరకు అతనికి వర్తించవు. శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నియమం లేదు. 2019లో నిబంధనలు మార్చి, 30 మంది, ఆపైన పనిచేసే సంస్థలు అప్రెంటిస్‌లని తీసుకోవాల్సిందే అన్నారు. కనీస స్టైపెండ్ చదువుని బట్టి 5 వేల నుంచి 9 వేల దాకా పెట్టారు. ఇప్పుడు సీతంపేట కొండ మీంచి దిగి పైడిభీమవరం ఫార్మా కంపెనీకి వచ్చే పిల్లాడిని తలుచుకోండి. ఆ డబ్బులో గది అద్దె, తిండి పోతే ఇంటికి పంపేది ఎంత? జర్మనీలో వారంలో కొన్ని రోజులు కంపెనీలో, కొన్ని రోజులు బడిలో నేర్పిస్తారు. 1969లోనే దానికి చట్టం చేసుకున్నారు. శిక్షణ ఒప్పందం, జీతం, పరీక్ష అన్నీ ఒక పద్ధతిలో ఉంటాయి. అక్కడ అప్రెంటిస్ అంటే చదువులో వెనకబడినవాడని కాదు. మన దగ్గర ఐటీఐ అనగానే ఇంకా మొహం చిట్లిస్తాం.

నేను చెప్పదలుచుకున్నది ఇదండి. కొత్త పథకం పేరు వినగానే మూడు విషయాలు అడగండి. తిండి, వసతి డబ్బు ఎంత? అది ఏ తేదీన పడుతుంది? పడకపోతే పిల్లాడు ఎవర్ని అడగాలి? ఉద్యోగి జీతానికి తేదీ ఉంటుంది. పింఛనుకి తేదీ ఉంటుంది. విద్యార్థి అన్నానికీ తేదీ ఉండాలి. ప్రభుత్వం ఇవ్వాల్సిన బాకీకి పిల్లాడి సర్టిఫికెట్ తాకట్టు కాకూడదు. ఇల్లు వదిలి వచ్చే అప్రెంటిస్‌కి స్టైపెండ్‌తో పాటు ఉండటానికి చోటు చూపించాలి.

మీ ఇంట్లో తాతగారో, నాన్నగారో ఎవరింట తిని చదివారో అడిగి తెలుసుకోండి. ఎవరైనా గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చి ఉంటే, అది కూడా అడగండి. ఆ రెండో కథ ఎక్కడా రాసి ఉండదు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.