కొండపూల చిత్రచరిత్ర

మాఘమాసం వెళ్ళి ఫాల్గుణం ప్రవేశించేసరికి గోదావరి కొండలలో ఒక వింత కనబడుతుంది. చెట్లకు ఆకులుండవు, పూలు మాత్రం ఉంటాయి. మోదుగ నిప్పుకణికలవలె విరగబూస్తుంది. బూరుగు తన బరువైన ఎర్రని పూలను నేలంతా రాల్చుతుంది. కొండగోగు ఎండిన కొమ్మల చివర పెద్ద పసుపుపచ్చని పూలను నిలుపుతుంది. మరికొన్ని రోజులకు ఇప్ప వంతు వస్తుంది.

దీనికి కారణం లేకపోలేదు. ఆకులు చెట్టులోని నీటిని ఆవిరిగా పోగొట్టుతాయి. వానలు లేని నెలలలో చెట్టు ఆకులు రాల్చి నీటిని పొదుపు చేసుకొంటుంది. ఆకుల మరుగు లేనందువల్ల పువ్వు దూరంనుంచే కనబడుతుంది. ఎరుపురంగును పక్షులు బాగా గుర్తుపట్టగలవు. మోదుగపూలలోని తేనెకోసం వచ్చే తేనెపిట్టలు, గోరువంకలు పుప్పొడిని ఒక చెట్టునుంచి మరొక చెట్టుకు చేరవేస్తాయి.

జొన్నాడవద్ద గౌతమి ఒడ్డున నివసించేవారికి ఈ దృశ్యం ఇంటిముందు లభించదు. ఇక్కడి నేల అంతా నది తెచ్చి పోసిన ఒండ్రు. వరి, అరటి, కొబ్బరి మన పంటలు. పూలంటే కడియం నర్సరీల పూలే ముందుగా జ్ఞాపకం వస్తాయి. ఆ నర్సరీలలో పెంచే కాగితపు పూలతీగ పుట్టిల్లు దక్షిణ అమెరికా. దానిని మన పిల్లలు చూడగానే గుర్తుపడతారు. మన నదికే ఎగువనున్న కొండలలో పూచే కొండగోగును గుర్తుపట్టగలవారు అరుదు.

ఇటీవల విద్యార్థులు సెలవులలో పాపికొండలకు, మారేడుమిల్లికి పోయి సెల్‌ఫోనులతో పూల ఛాయాచిత్రాలు తీసుకొని వస్తున్నారు. ఇది మంచి అలవాటే. కాని ఆ చిత్రాన్ని చూచి, "ఇది ఏ చెట్టు? ఎక్కడ, ఏ రోజున తీశావు?" అని ఉపాధ్యాయుడు అడిగితే సమాధానం రావటం కష్టం. చిత్రం ఉన్నది, సాక్ష్యం లేదు. పువ్వుబొమ్మ శాస్త్రానికి సాక్ష్యంగా ఎట్లా మారుతుంది? ఈ ప్రశ్నకు సమాధానం వెదకటానికి దూరదేశాలకు పోనక్కరలేదు. జొన్నాడనుంచి ఒక పూట ప్రయాణంలో ఉన్న సామర్లకోటకు పోతే చాలును.

సామర్లకోట వైద్యుడు

స్కాట్లండు దేశీయుడైన విలియం రాక్స్‌బర్గ్ 1776లో ఈస్టిండియా కంపెనీవారి మద్రాసు వైద్యశాఖలో చేరాడు. 1781లో ఆయనకు సామర్లకోటలో ఉద్యోగమైనది. వృత్తి వైద్యం, మనస్సు మొక్కలమీద. ఆ కాలంలో మందులలో చాలాభాగం మొక్కలనుంచే వచ్చేవి గనుక ఈ రెండింటికీ వైరం లేదు. కంపెనీవారి ఆసక్తి మాత్రం లాభంమీద. రంగునిచ్చే మొక్క ఏది, నార ఇచ్చేది ఏది, మిరియాలు ఎక్కడ పండుతాయి అన్నవే వారి ప్రశ్నలు. సామర్లకోటకు ఉత్తరంగా ఉన్న కొండలలో అడవి మిరియపుతీగ ఉన్నట్లు రాక్స్‌బర్గ్ కనుగొన్నాడు. కొండలనుంచి తనకు తెచ్చి ఇచ్చిన కొమ్మలపై ఉన్న లక్కపురుగును పరిశీలించి ఆయన వ్రాసిన వ్యాసాన్ని లండనులోని రాయల్ సొసైటీవారు 1791లో ప్రచురించారు.

ఆయనకు ముందు ఈ తీరంలో మొక్కలను సేకరించినవారిలో ముఖ్యుడు కోనిగ్. ఈయన ప్రసిద్ధ స్వీడిష్ శాస్త్రజ్ఞుడు లినేయస్ శిష్యుడు. 1785లో, ఇప్పుడు కాకినాడ పట్టణంలో భాగమైన జగన్నాథపురంలో కోనిగ్ మరణించాడు. లినేయస్ నేర్పిన నామకరణ పద్ధతి గోదావరి తీరానికి ఈ విధంగా గురువునుంచి శిష్యునికి, శిష్యునినుంచి మిత్రునికి నడచి వచ్చినది.

1787 మే నెలలో కోరంగి తీరాన్ని పెనుతుపాను తాకింది. సముద్రం ఊళ్ళమీదికి వచ్చి వేలాది ప్రజలను బలిగొన్నది. ఆ ఏటి ఉప్పెనలో రాక్స్‌బర్గ్ పుస్తకాలు, కాగితాలు, ఎండబెట్టి దాచిన మొక్కలు కొట్టుకొనిపోయినవి. ఏళ్ళ తరబడి చేసిన శ్రమ ఒక్కసారిగా నీటిపాలైనది. ఆయన మరల మొదటినుంచి ప్రారంభించాడు. స్థానిక చిత్రకారులను నియమించి, తెచ్చిన మొక్కను తెచ్చినట్లే ఎదుట ఉంచి బొమ్మలు వేయించాడు. 1790 నాటికి ఈ చిత్రాలు సుమారు 700 అయినవి. తనవద్ద ఒక ప్రతి ఉంచుకొని చిత్రాలను, వర్ణనలను లండనుకు పంపుతూ వచ్చాడు. వాటిలోనుంచి ఏరిన 300 చిత్రాలు సర్ జోసెఫ్ బ్యాంక్స్ పర్యవేక్షణలో "కోరమండల్ తీరపు మొక్కలు" అనే మూడు సంపుటాల గ్రంథంగా వెలువడినవి. మొదటి భాగం అచ్చయినది 1795లో. 1793లో రాక్స్‌బర్గ్ కలకత్తా ఉద్యానవనానికి అధిపతిగా వెళ్ళాడు. ఆయన వేయించిన చిత్రాల మొత్తం కడకు 2,500 దాటినది.

చిత్రం పక్కన తెలుగు పేరు

ఈ గ్రంథంలో మనము గర్వింపదగిన విషయం ఒకటి కలదు. లాటిను పేరుతోపాటు అనేక మొక్కలకు తెలుగువారు పిలిచే పేరును కూడ రాక్స్‌బర్గ్ వ్రాసి ఉంచాడు. ఆ పేర్లు ఆయనకు పుస్తకాలలో దొరికినవి కావు. చెట్టును ఎరిగినవారి నోటినుంచి విన్నవి. కొన్ని తెలుగు మాటలు అట్లాగే శాస్త్రనామాలలోకి ఎక్కినవి. జ్వరానికి మందుగా బెరడును వాడిన సోమిద చెట్టు శాస్త్రనామం "సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా". ఇందులో మొదటి మాట మన సోమిదయే. రాయలసీమ కొండలలో పెరిగే తంబ చెట్టు పేరు "షోరియా తుంబుగ్గాయా". ఇదీ తెలుగునుంచి వెళ్ళినదే.

మోదుగకు ఈ అదృష్టం పట్టలేదు. దాని ప్రజాతికి, ఇండియాకు ఎన్నడూ రాని బ్యూట్ ప్రభువు పేరుమీద "బ్యూటియా" అని పేరు పెట్టారు. పెట్టినవారి ఇష్టాన్ని బట్టి ఒక చెట్టు పేరులో ప్రభువు, మరొక చెట్టు పేరులో ప్రజల మాట నిలిచినవి.

అయితే ఇందులో ఒక లోటు కూడ ఉన్నది. సామర్లకోటలో ఆ బొమ్మలు వేసిన చిత్రకారుల పేర్లు ఆ గ్రంథంలో లేవు. కొండ ఎక్కి కొమ్మలు తెచ్చినవారి పేర్లూ లేవు. తరువాతి తరంలో ఈ లోటు కొంత తీరినది. 1819లో మద్రాసు వచ్చిన రాబర్ట్ వైట్ అనే మరొక స్కాట్లండు వైద్యుడు 1838 మొదలు 1853 వరకు 2,101 చిత్రాలతో ఆరు సంపుటాల గ్రంథం ప్రకటించాడు. ఆయన వద్ద రంగయ్య, ఆ తరువాత గోవిందు అనే చిత్రకారులు పనిచేశారు. చిత్రాలమీద వారి పేర్లు అచ్చయినవి. అంతేకాదు, ఒక ఆర్కిడ్ ప్రజాతికి గోవిందు పేరుమీద వైట్ "గోవిందూయియా" అని నామకరణం చేశాడు. తరువాతి శాస్త్రజ్ఞులు ఆ మొక్కను వేరొక ప్రజాతిలో చేర్చినా, చిత్రకారుని శ్రమకు దక్కిన ఆ గౌరవం చరిత్రలో నిలిచినది.

కెమేరా వచ్చిన తరువాత

1839లో ఛాయాగ్రహణ విద్య లోకానికి వెల్లడి అయినది. మొక్కల చిత్రణలో దానిని వెంటనే వాడినవారు కలరు. ఇంగ్లండులో ఆనా ఆట్కిన్స్ అనే విదుషి 1843లో సముద్రపు నాచుమొక్కల ముద్రలను సూర్యకాంతి సాయంతో నీలిరంగు కాగితాలపై తీసి పుస్తకంగా కూర్చినది. ఛాయాచిత్రాలతో వెలువడిన మొదటి పుస్తకం ఇదే అంటారు.

అయినా మన కొండపూలకు ఆ తొలినాటి కెమేరా చాలలేదు. అప్పటి పలకలపై పూసిన వెండి లవణాలు నీలికాంతికి మాత్రమే చక్కగా స్పందించేవి. ఎరుపును గ్రహించేవి కావు. అటువంటి పలకపై మోదుగపువ్వు తీస్తే నల్లగా పడుతుంది! 1873లో జర్మను శాస్త్రజ్ఞుడు ఫోగెల్, కొన్ని రంగులను కలిపితే పలక ఇతర కాంతులను కూడ గ్రహించగలదని కనుగొన్నాడు. 1907లో ఫ్రాన్సులో ల్యూమియేర్ సోదరులు, రంగు అద్దిన బంగాళాదుంప పిండి రేణువులను గాజు పలకపై పరచి, సహజవర్ణ ఛాయాచిత్రాలు తీసే పద్ధతిని విక్రయానికి తెచ్చారు. సామర్లకోట చిత్రకారుడు కుంచెతో సాధించిన ఎరుపును అందుకొనటానికి యంత్రానికి వందేండ్లకు పైగా పట్టినది.

నేడు ఎరుపు సమస్య లేదు. కాని మరొక భేదం మిగిలే ఉన్నది. ఛాయాచిత్రం ఒక క్షణాన్ని మాత్రమే చూపుతుంది. ఫాల్గుణంలో మోదుగకు పువ్వు ఉంటుంది, ఆకు ఉండదు. ఆకు, కాయ తరువాత వస్తాయి. చిత్రకారుడు పువ్వును, ఆకును, కాయను, విప్పిచూపిన కేసరాలను ఒకే కాగితంమీద చేర్చగలడు. ఆ పని కెమేరాతో చేయవలెనంటే అదే చెట్టువద్దకు రెండు మూడు ఋతువులలో మరల పోవాలి. నిజమైన పరిశీలన అక్కడే మొదలవుతుంది.

మరల నీరు వస్తున్నది

ఇది కేవలం పూర్వచరిత్ర కాదు. పాపికొండల అడవి 1978లో అభయారణ్యం, 2008లో జాతీయ ఉద్యానవనం అయినది. దానికి దిగువన పోలవరంవద్ద నిర్మాణంలో ఉన్న జలాశయపు పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. అది నిండిననాడు లోయలో ఆ మట్టానికి దిగువనున్న ఒడ్డులు, వాలులు నీటిలోకి పోతాయి. అక్కడి కొండరెడ్ల, కోయల కుటుంబాలు అనేకం ఇప్పటికే వేరే చోట్లకు తరలినవి. జలాశయపు మంచిచెడ్డల చర్చ ఈ వ్యాసానికి విషయం కాదు. మనుషులు తరలగలరు, చెట్టు తరలలేదు. ఏ వాలులో ఏ చెట్టు ఎప్పుడు పూస్తుందో ఎరిగిన వృద్ధులు ఆ వాలును విడిచి వచ్చిన తరువాత, ఆ జ్ఞానాన్ని మనుమలకు చూపించే చోటు ఉండదు. 1787 ఉప్పెన చెప్పకుండా వచ్చినది. ఈ నీరు చెప్పి వస్తున్నది. వ్రాసి ఉంచుకొనటానికి మనకు వ్యవధి ఉన్నది.

కాబట్టి వసంతంలో విద్యార్థులను కొండలకు తీసుకొనిపోయే ఉపాధ్యాయులకు ఒక మనవి. పువ్వును కోయనీయవద్దు, జాతీయ ఉద్యానవనంలో అనుమతి లేకుండ కోయటం నేరం కూడ. ముందుగా చెట్టు మొత్తం, తరువాత బెరడు, పిమ్మట పువ్వు ముందువైపు, పక్కవైపు చిత్రాలు తీయించండి. కొలత తెలియటానికి పక్కన ఒక స్కేలు ఉంచండి. అదే రోజున నోటుపుస్తకంలో తేదీ, స్థలం, చెట్టు నిలిచిన చోటు వాగు ఒడ్డా, రాతి వాలా అన్నది వ్రాయించండి. అక్కడివారు ఆ చెట్టును ఏమని పిలుస్తారో అడిగి, వారు పలికినట్లే వ్రాయించండి. వారు అంగీకరిస్తే చెప్పినవారి పేరు, చిత్రం తీసిన విద్యార్థి పేరు కూడ చేర్చండి. ఒక ప్రతిని పాఠశాలలో, మరొక ప్రతిని వేరొక చోట భద్రపరచండి. ఉప్పెన తరువాత రాక్స్‌బర్గ్ శ్రమ నిలిచినది, రెండు చోట్ల ప్రతులు ఉన్నందువల్లనే.

జొన్నాడ, రావులపాలెం, ఆలమూరు పాఠశాలల పిల్లలు ఏటా ఒక్కసారి ఎగువకు పోయి పది చెట్ల వివరాలు ఈ విధంగా తెచ్చినా, కొన్నేండ్లలో ఒక మంచి సంపుటం తయారవుతుంది. సామర్లకోట బొమ్మల కింద లేకపోయిన పేర్లు ఈసారి అందులో ఉంటాయి.