ఎన్టీఆర్, జీవో 275, మన టీచర్ పోస్టులు

మన ఏజెన్సీలో ఎన్టీఆర్ పేరెత్తితే పెద్దోళ్లు కిలో రెండు రూపాయల బియ్యం గురించే చెప్తారు. ఆయన్ని దేవుడన్నోళ్లు, నియంత అన్నోళ్లు ఇద్దరూ ఉన్నారు. 1989లో నేషనల్ ఫ్రంట్ ఛైర్మన్‌గా ఢిల్లీ రాజకీయాన్ని మార్చారు గానీ, అదే ఏడాది సొంత రాష్ట్రంలో ఓడిపోయారు.

మనకి బియ్యం కన్నా పెద్దది 1986 నవంబరులో ఆయన ప్రభుత్వం తెచ్చిన జీవో 275. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచర్ పోస్టులన్నీ గిరిజనులకే అంది. మైదానం నుంచి వేసిన మేస్టార్లు బడికి సరిగా రాకపోవడమే దానికి కారణం. కువి మాట్లాడే పిల్లకి కువి తెలిసిన టీచరమ్మ దొరకడం చిన్న విషయమా?

కానీ అది చట్టం కాదు, ఉత్తర్వు. కోర్టుల్లో నలిగింది. 2000లో జీవో 3గా మళ్లీ వచ్చింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. అప్పటిదాకా చేరినోళ్ల ఉద్యోగాలు షరతులతో మిగిలాయి. డీఎస్సీకి చదువుతున్న మనకి ఆ రక్షణ లేదు.