తలసరి లెక్కలో చెత్త: కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు పట్టణముల పారిశుద్ధ్య వ్యయముపై ఒక విచారణ

ఒక పట్టణము తన చెత్తను తొలగించుటకై ఏటేట వెచ్చించు ధనమును ఆ పట్టణ జనసంఖ్యచే భాగించి, వచ్చిన అంకెను పొరుగు పట్టణపు అంకె ప్రక్కన నిలిపి, ఇది పొదుపు, అది దుబారా అని తీర్పు చెప్పు పద్ధతి పాలనావ్యవహారములలో పరిపాటియైనది. లెక్క సులభము, సులభమగుటచేతనే మోసగించును. కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు అను మూడు పట్టణములను దృష్టియందుంచుకొని, ఆ భాగహారమున లవమేది, హారమేది అని విచారించుట ఈ వ్యాసోద్దేశము.

ఈ మూడింటిని, తరువాత ప్రకాశమని పిలువబడిన ఒక జిల్లాకు చేర్చినది 1970 ఫిబ్రవరి 2. అంతవరకు కనిగిరి నెల్లూరుజిల్లాకును, మార్కాపురం, గిద్దలూరు కర్నూలుజిల్లాకును చెందియుండెను. మూడును వానకు మొగము వాచిన నేలయే అయినను, పాలనలో ఇవి తోబుట్టువులు కావు. 2021 మార్చి ఎన్నికలనాటికి మార్కాపురం పురపాలక సంఘము. కనిగిరి, గిద్దలూరు నగరపంచాయతీలు. గ్రామపంచాయతీగా నుండి ఇటీవల పట్టణహోదా పొందిన ఊరికి వీథులు పెరిగినంత త్వరగా సిబ్బంది పెరుగుట అరుదు. కావున ఇట్టి ఊరి తలసరి వ్యయము తక్కువగా కన్పట్టినచో దానిని మితవ్యయమని మెచ్చుకొనుటకు ముందు, చెత్తబండి పోని వీథులెన్ని యని అడుగవలయును.

హారమును ముందు చూతము. 2011 జనగణనము ప్రకారము మార్కాపుర జనాభా సుమారు 71 వేలు, కనిగిరిది 37 వేలు, గిద్దలూరుది 35 వేలు. 2021లో జరుగవలసిన జనగణనము జరుగలేదు గనుక పాత అంకెలతోనే కాలము గడచినది. ఈలోపల పశ్చిమ ప్రకాశమునుండి పనులకై హైదరాబాదు, బెంగుళూరులకు తరలిపోయినవారును, చుట్టుపట్ల పల్లెలనుండి పిల్లల చదువులకై ఈ పట్టణములకు వచ్చి అద్దెయిండ్లలో కాపురమున్నవారును ఎందరు? వీరుగాక పొద్దున బస్సుదిగి, కొనుగోళ్లు ముగించుకొని, సాయంకాలము పల్లెకు మరలిపోవు జనము పట్టణమునకు చెత్తను మిగిల్చిపోవును గాని హారములో చేరదు. మార్కాపుర చెన్నకేశవస్వామి తిరునాళ్లకు చేరు భక్తుల విస్తళ్లను ఎత్తు ఖర్చుకూడ స్థిరనివాసుల తలలమీదనే పడును.

లవము ఇంతకంటె చిక్కైనది. 1965నాటి ఆంధ్రప్రదేశ్ పురపాలక చట్టము ఇంటిపన్నులోనే పారిశుద్ధ్యపు పన్నునొక భాగముగా చేసినది. 1992నాటి 74వ రాజ్యాంగ సవరణతో చేరిన 12వ షెడ్యూలు ఘనవ్యర్థ నిర్వహణమును పురపాలక బాధ్యతలలో చేర్చినది. కాని నేడు ఆ వ్యయము ఒక పద్దులో నిలిచి లేదు. వేతనములొకచోట, బండ్లు, డీజిలు వేరొకచోట, స్వచ్ఛభారత్ నిధులతో కొన్న యంత్రములు ఇంకొకచోట కనబడును. 15వ ఆర్థికసంఘము 2021–26 మధ్య పది లక్షలకు లోబడిన పట్టణములకిచ్చిన గ్రాంటులో 30 శాతమును పారిశుద్ధ్యమునకే ముడివేసినది. గ్రాంటు వచ్చిన యేడు తలసరి వ్యయము పెరుగును, రాని యేడు తగ్గును. చెత్త మాత్రము ఏ యేడును గ్రాంటుకొఱకు వేచియుండదు.

వేతనముల విషయమై కొంత నిలిచి చూడవలయును. ఏలయన, సారమంతయు అందే యున్నది. 2023నాటికి పొరుగుసేవల పద్ధతిని నియమితుడైన పారిశుద్ధ్య కార్మికునికి 15 వేల వేతనము, 6 వేల ఆరోగ్యభృతి కలిపి నెలకు 21 వేల రూపాయలు, ఏటికి 2,52,000. వేయిమంది పౌరులకు ఒక కార్మికుడు చొప్పున ఉన్నాడనుకొన్నచో తలసరి 252 రూపాయలు, ఇద్దరైనచో 504. చిన్న పట్టణములలో మనిషి రోజుకు 200 నుంచి 300 గ్రాముల చెత్త వేయునని ప్రభుత్వపు అంచనా. 250 గ్రాములుగా గ్రహించిన, ఆ వేయిమంది ఏడాది చెత్త సుమారు 91 టన్నులు. ఒక్కడే ఎత్తవలసివచ్చినచో టన్నుకు వేతనవ్యయము 2,760 రూపాయలకు మించి పడును. తలసరి అంకెను సగమునకు దించుట కష్టము కాదు: ఇద్దరు చేయవలసిన పనిని ఒకనిచే చేయించిన చాలును. 2023 డిసెంబరు చివర రాష్ట్రమంతట కార్మికులు సమ్మెకట్టుట ఇందుకే అర్థవంతము. చౌకయని మనము చెప్పుకొను వ్యయములో కొంత వారి నడుములు భరించుచున్నవి.

2021లో ఆరంభమైన వినియోగరుసుము, జనులు చెత్తపన్నని పిలిచినది, పెద్ద నగరములలో ఇంటికి నెలకు 120 రూపాయలవరకు ఉండెను. దాని రద్దును ముఖ్యమంత్రి 2024 అక్టోబరు 2న మచిలీపట్నములో ప్రకటించిరి. రుసుము పోయినను వ్యయము పోలేదు. దానిని మోయు భుజము మాత్రము మారినది.

అల్పవ్యయముతో ఘనకార్యము సాధ్యము కాదని నా వాదము కాదు. 2003 ప్రాంతమున సూర్యాపేట, దాదాపు లక్ష జనాభాగల ఊరు, ఇంటింట తడిచెత్తను, పొడిచెత్తను వేరుచేయించి, తడిదానిని వానపాముల ఎరువుగా మార్చి, పొడిదానిని అమ్మి, కుండీలు లేని పట్టణమని పేరుగాంచెను. అచ్చటి పొదుపునకు మూలము వంటింటి గడపవద్ద గృహిణులు చేసిన వేర్పాటు. అదియు శ్రమయే, దానికి పద్దు లేదు. మనదేశపు పట్టణములలో వ్యయమందు 60–70 శాతము సేకరణకును, 20–30 శాతము రవాణాకును పోగా, శుద్ధికి మిగులునది అత్యల్పమని పలుమారు చెప్పబడినది. సూర్యాపేట తారుమారు చేయజూచినది ఈ నిష్పత్తినే.

కనిగిరి సీమకు ఇందులో రెండు ప్రత్యేకతలు గలవు. ఇచ్చటి భూగర్భజలము ఫ్లోరైడుతో కలుషితమగుటచేత త్రాగునీరు కొనుక్కొను అలవాటు బలపడినది; కావున ఖాళీ సీసాలు, చినిగిన నీళ్లపొట్లాలు పొడిచెత్తలో చేరుచున్నవి. నీటికై పెట్టవలసిన ఖర్చులో లోటు చెత్తఖర్చుగా మరల పైకివచ్చును. రెండవది, చుట్టును మెట్టపొలములు. ఎరువుకు గిరాకి చేరువలోనే యున్నది.

కనిగిరి పొగాకు వేలంకేంద్రములో ప్రతి బేలు కాటామీదికెక్కి కిలోలలో నమోదగును. చెత్తట్రాక్టరు బరువునకును అట్టి చిట్టా కావలయును. 37 వేలమందికి, మనిషికి 250 గ్రాముల చొప్పున, దినమునకు 9 టన్నులకు పైగా రావలయును. డంపింగ్ యార్డు కాటా ఆరు టన్నులే చూపినచో, తక్కిన మూడు టన్నులలో మురుగుకాలువలో పడినదెంత, ఖాళీస్థలములలో తగులబెట్టినదెంత, పాతసామాన్లవాని గోతములో పోయి ఒక కుటుంబమునకు కూడైనదెంత యని విడదీసిన పిమ్మటనే ఆ ఊరి వ్యయమును మార్కాపుర వ్యయము ప్రక్కన నిలుపవచ్చును.