బాపు రాత కంప్యూటర్‌లోకి ఎలా వచ్చింది

గోదావరి జిల్లాల్లో శుభలేఖలు తిరగేసినా, గుడి ముందు కట్టిన ఫ్లెక్సీలు చూసినా ఒక రాత మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. అక్షరాలు వరసలో బిగుసుకుపోవు. తలకట్టు ఒక్క విసురులో పడుతుంది. కుంచె ఎక్కడ ఒత్తిందో, ఎక్కడ తేలిపోయిందో గీతే చెబుతుంది. 1933 డిసెంబరు 15న నరసాపురంలో పుట్టిన సత్తిరాజు లక్ష్మీనారాయణ, అంటే బాపు, చేతిరాత అది. ఇప్పుడది కంప్యూటర్ ఫాంటు. కొత్త మాధ్యమాల కళ అనగానే 1966 అక్టోబరులో న్యూయార్క్‌లో రాబర్ట్ రౌషెన్‌బర్గ్ వంటి కళాకారులూ, బెల్ ల్యాబ్స్ ఇంజనీరు బిల్లీ క్లూవర్ బృందమూ కలిసి నడిపిన తొమ్మిది సాయంత్రాల ప్రదర్శనలను తలుచుకుంటారు. తెలుగులో కళాకారుడూ సాంకేతిక నిపుణుడూ చేతులు కలిపిన కథ చెప్పాలంటే ప్రదర్శనశాల దాకా వెళ్లక్కర్లేదు, ఈ అక్షరం దగ్గర మొదలుపెట్టాలి. ఆ కథలో ఫాంటు చేసినవాడు నకలు తీసిన గుమాస్తా కాడని, ఆ రాతకు రెండో కర్త అని నా వాదన.

తెలుగు అక్షరం మొదటి నుంచీ పనిముట్టు మాట వింటూనే వచ్చింది. తాటాకు మీద గంటంతో తిన్నని గీత బలంగా లాగితే ఆకు ఈనె వెంట చీలిపోతుంది. మన అక్షరాలు గుండ్రబడటానికి అదొక కారణమంటారు. అచ్చుయంత్రం వచ్చాక పనిముట్టు సీసమైంది. పైన గుడి, కింద ఒత్తు, పక్కన కొమ్ము పెట్టి పేర్చే లిపిని కంపోజిటరు ముక్కలు ముక్కలుగా ఏరి కూర్చవలసి వచ్చింది. మద్రాసు పత్రికల్లో బాపు బొమ్మలు వేసిన కాలం అదే. కార్టూను కింద మాటల్నీ, కథ పేరునీ ఆయన బొమ్మలో భాగంగా చేత్తోనే రాసేవారు. సీసంలో ఆ రాత లేదు కనుక బొమ్మతో పాటు దాన్నీ బ్లాకు చేయించి అచ్చువేయాలి. అంటే ఆ రాతకు మొదటి సాంకేతిక సహచరుడు పేరు తెలియని బ్లాకు మేకరు. కాకపోతే ఆ సహకారం నకలు దగ్గరే ఆగింది: బాపు రాసిన మాట మాత్రమే అచ్చయ్యేది, రాయని మాట అయ్యేది కాదు.

కంప్యూటర్ మార్చింది సరిగ్గా దీన్నే. ఫాంటులో బాపు ఎన్నడూ రాయని మాట కూడా ఆయన రాతలో రావాలి. తొలి డీటీపీ ఫాంట్లలో ఉన్న గళ్లు మొత్తం 256. తెలుగులో హల్లులు, గుణింతాలు, ఒత్తులు కలిస్తే పుట్టే రూపాలు వేలు. అందుకని తలకట్టు ఒక గడిలో, గుడి ఒక గడిలో, ఒత్తు ఇంకో గడిలో పెట్టి, రోమన్ అక్షరాల చోట్లలో తెలుగు ముక్కల్ని సర్దారు. ఒకే ఊపులో సాగిన కుంచె గీతను ఎక్కడ తెంచాలి? తెంచిన చోట మళ్లీ అతుకు కనబడకుండా ఎలా కలపాలి? ఏ ఒత్తు ఏ అక్షరం కింద ఎంత జరగాలి? వీటికి జవాబు బాపు కాగితాల మీద దొరకదు, ఫాంటు చేసేవాడు తన కంటితో తేల్చుకోవాలి. 1991లో వచ్చిన యూనికోడ్ పద్ధతిలో ఈ పని ఇంకా లోతుకు వెళ్లింది. మనకు ఒక్క అక్షరంగా కనిపించే ‘స్త్రీ’ అక్కడ ఆరు సంకేతాల వరస. ఆ ఆరింటినీ ఒక బొమ్మగా మలిచే నియమాలు ఫాంటులో రాయాలి. లిపి తెలియని ఇంజనీరుకూ, నియమం రాయలేని చిత్రకారుడికీ ఒంటరిగా సాధ్యమయ్యే పని కాదిది.

ఇలాంటి ఉమ్మడి పనికి బయట ఒక ఉదాహరణ ఉంది. గణితశాస్త్రవేత్త నల్లబల్ల మీద రాసే రాతలా ఉండే అక్షరాలు అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీకి కావలసివచ్చినప్పుడు జర్మన్ లిపికారుడు హెర్మన్ జాఫ్ గీశాడు, కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్ బృందం స్టాన్‌ఫర్డ్‌లో వాటిని అక్షరాలు గీసే మెటాఫాంట్ ప్రోగ్రాములుగా మార్చింది. ఆ ఆయిలర్ అక్షరాల చరిత్రలో ఇద్దరి పేర్లూ నిలిచాయి. మనకూ అటువంటి శ్రమజీవులున్నారు. 1990ల తొలినాళ్లలో రైస్ విశ్వవిద్యాలయంలోని తెలుగువాళ్లు రోమన్‌లో కొడితే తెలుగు వచ్చే పద్ధతి చేశారు, ఆర్టీఎస్ (రైస్ ట్రాన్స్‌లిటరేషన్ స్టాండర్డ్) అన్న దాని పేరు అక్కడిదే. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లను ఉచితంగా ఇచ్చారు. సిలికానాంధ్ర సంస్థ ద్వారా విడుదలైన రామభద్ర, మండలి వంటి ఫాంట్ల వెనక పురుషోత్ కుమార్ గుత్తుల చేతిపని ఉంది. వీరి పేర్లు ఎంతమంది పాఠకుల నోట వింటాం?

చేతిరాతను ఫాంటు చేస్తే దాని ప్రాణం పోతుందని ఒక అభ్యంతరం ఉంది. బాపు పది ‘అ’లు రాస్తే పది రకాలు, ఫాంటులో పదీ ఒకటే. పెళ్లికీ, చావుకీ, చీరల అమ్మకానికీ ఒకే రాత వాడితే దాని రుచి చెడుతుందన్నదీ నిజమే. ఈ రెండో మాటను పూర్తిగా ఒప్పుకుంటాను. మొదటిది మాత్రం పరికరం తప్పు కాదు. పక్క అక్షరాన్ని బట్టి వేరే రూపం ఎంచుకునే సదుపాయం నేటి ఓపెన్‌టైప్ ఫాంట్లలో ఉంది, ఒక్కో అక్షరానికి నాలుగైదు రూపాలు గీసి పెట్టే ఓపికే కావాలి. బాపు మద్రాసులో బతికిన మనిషి, గోదావరికి ఈ కథలో వాటా ఏమిటని మరొకరు అడగవచ్చు. ఆయనే ఈ నీటి దగ్గరికి యంత్రాల్ని మోసుకొచ్చారు. సినిమా దర్శకుడిగా 1967లో ‘సాక్షి’ని గోదావరి జిల్లా పల్లె పులిదిండిలో తీశారు, 1973లో ‘అందాల రాముడు’ కథను గోదావరి మీద పడవలో నడిపించారు. 1975 నాటి ‘ముత్యాల ముగ్గు’లో ఆయన మనసులోని బొమ్మను ఇషాన్ ఆర్య కెమెరా పట్టుకుంది, ఆ ఛాయాగ్రహణానికి జాతీయ పురస్కారం వచ్చింది. ఎన్టీఆర్ అడిగితే ధవళేశ్వరం బిడ్డ ముళ్లపూడి వెంకటరమణతో కలిసి బడిపిల్లలకు వీడియో పాఠాలు చేశారు. సాంకేతిక నిపుణుడితో కలిసి పనిచేయడం ఆయనకు జీవితమంతా ఉన్న అలవాటు.

సినిమా మొదట్లో ఛాయాగ్రాహకుడి పేరు తెర మీద పడుతుంది. ఫాంటు ఫైలులోనూ రూపకర్త పేరు రాసుకోవడానికి ఒక చోటు ఉంటుంది. బాపు పేరు పక్కన ఇంకొక పేరు అందులో సులువుగా పడుతుంది.