చెరకుతోట దారిలో నడక

సింగపూరులో సెరంగూన్ రోడ్డు మీది శ్రీనివాస పెరుమాళ్ గుడి మన తెలుగువాళ్ళకి బాగా తెలిసిన చోటు. అక్కడ దణ్ణం పెట్టుకుని, ప్రసాదం తిని, అదే రోడ్డున ఉత్తరం వైపు పది నిమిషాలు నడిస్తే ఎడమ చేతి పక్కన బాలెస్టియర్ రోడ్డు వస్తుంది. వారానికి అయిదు సాయంత్రాలు నేను నడిచే దారి అది. రెండేళ్ళు నడిచాక గానీ ఆ పేరు ఎవరిదో తెలుసుకోవాలనిపించలేదు.

జోసెఫ్ బాలెస్టియర్ సింగపూరుకి వచ్చిన మొదటి అమెరికన్ కాన్సల్. 1830లలో ఈ ప్రాంతంలో సుమారు వెయ్యి ఎకరాల చెరకుతోట వేశాడు. బ్రిటన్ మార్కెట్లో సింగపూరు పంచదారకి సుంకం రాయితీ దొరకలేదు. 1847లో భార్య పోయింది. 1840లు ముగిసేసరికి తోట కూడా చేజారిపోయింది. 1860 ప్రాంతంలో అదే మైదానానికి టాన్ టాక్ సెంగ్ ఆసుపత్రి తరలివచ్చి, 1909లో కాస్త అవతలికి మారేదాకా అక్కడే ఉంది. చెరకు పండిన చోట ఆసుపత్రి! షుగరు వ్యాధి ఉన్నవాడికి ఈ చరిత్ర చదివితే నవ్వు రాకుండా ఎలా ఉంటుంది?

నాకా వ్యాధి ఉందని 42వ ఏట తెలిసింది. ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 69 కిలోలు. "నేనేం లావు కాదు కదా" అన్నాను డాక్టరుతో. "మీరు ఇండియన్ కదా" అంది ఆవిడ. నాకు కోపం వచ్చింది. ఆ మాట వెనక ఎంత కథ ఉందో తరవాత తెలిసింది. బరువునీ ఎత్తునీ కలిపి కొలిచే బీఎంఐ 25 చేరితే అధిక బరువని అంతర్జాతీయ లెక్క. 2002 జూలైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పిలిచిన నిపుణులు ఇదే సింగపూరులో సమావేశమై, ఆసియావాళ్ళలో చాలామందికి అంతకన్నా తక్కువ బరువుకే ముప్పు మొదలవుతుందనీ, 23 దగ్గరే జాగ్రత్త పడాలనీ తేల్చారు. 2004లో అది లాన్సెట్ పత్రికలో వచ్చింది. నా లెక్క 23.9.

మా నాన్నగారిది తణుకు దగ్గర పల్లె. పదిహేనేళ్ళు షుగరుతో బతికారు. అమ్మ ఏమన్నా అంటే, "మాత్ర వేసుకుంటున్నాగా, ఇంకేం కావాలే?" అనేవారు. పూటకి రెండుసార్లు అన్నం, పైన ఒక పూతరేకు. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక వీధి అరుగు దిగిందే తక్కువ. ఎప్పుడైనా చేలోకి వెళ్తే చెప్పులు గట్టు మీద వదిలేసేవారు. ఒకసారి ముల్లు దిగింది. పాదానికి స్పర్శ పోయిందన్న సంగతి ఆయనకే తెలియదు. పుండు ముదిరాక బొటనవేలు తీశారు, ఆర్నెల్లకి పాదం. మాత్ర మాత్రం ఒక్కరోజూ మానలేదాయన.

తిండి, నడక, మందు. ఈ మూడింటి చరిత్రా తిరగేస్తే నాన్నగారి పొరపాటు కొత్తదేమీ కాదనిపిస్తుంది. మనిషి ప్రతి కాలంలోనూ చేతికందిన ఒకదాన్ని పట్టుకుని, అదే చాలనుకున్నాడు.

మనవాళ్ళు దీన్ని మధుమేహమన్నారు. సుశ్రుత సంహిత దీన్ని పుట్టుకతో వచ్చేదనీ, తప్పుడు తిండివల్ల వచ్చేదనీ రెండుగా విడదీసింది. డబ్బూ బంధువులూ లేని రోగికి అది చెప్పిన చికిత్స చిత్రమైనది. చెప్పులూ గొడుగూ లేకుండా, భిక్షతో కడుపు నింపుకుంటూ నూరు యోజనాలు నడవాలి, లేదా బావి తవ్వాలి. ఏ కొలతన చూసినా అది వందల కిలోమీటర్లు. నడక సలహాకి ఇవాళ్టి డాక్టరు కూడా తల ఊపుతాడు. చెప్పులు లేకుండా అనే ముక్క దగ్గర మాత్రం గట్టిగా అడ్డు చెబుతాడు. మా నాన్నగారి పాదమే దానికి సాక్ష్యం.

తిండి ఒక్కదాన్నే నమ్మితే ఎక్కడికి పోతుందో 1910లలో అమెరికా డాక్టరు ఫ్రెడరిక్ అలెన్ వైద్యం చూపించింది. వేరే దారి లేక ఆయన రోగుల్ని దాదాపు పస్తులుంచేవాడు. ఇన్సులిన్ బొత్తిగా తయారుకాని మొదటి రకం షుగరున్న పిల్లలు ఎముకల గూళ్ళై మరికొన్నాళ్ళు బతికేవాళ్ళు. 1922 జనవరి 11న టొరంటోలో అలా శుష్కించిన 14 ఏళ్ళ లియోనార్డ్ థాంప్సన్‌కి మొదటిసారి ఇన్సులిన్ ఎక్కించారు. మందు శుద్ధి చాలక అలర్జీ వచ్చింది. కాలిప్ దాన్ని శుద్ధి చేశాక జనవరి 23న మళ్ళీ ఇస్తే కుర్రాడు కోలుకున్నాడు. మరో 13 ఏళ్ళు బతికాడు.

నాదీ నాన్నగారిదీ రెండో రకం. దీనికి మొదటగా ఇచ్చే మెట్‌ఫార్మిన్‌ని కూడా 1922లోనే డబ్లిన్‌లో తయారుచేశారు. అయినా పారిస్‌లో జాన్ స్టెర్న్ దాన్ని షుగరు రోగుల మీద పరీక్షించి ఫలితాలు ప్రకటించింది 1957లో. అమెరికా అనుమతించింది 1994 చివర్లో. మాత్ర దొరికింది, మనకి నిశ్చింతా దొరికింది. చిక్కంతా ఆ నిశ్చింతలోనే ఉంది.

నడక ఎందుకు పనిచేస్తుంది? కండరం కదిలితే ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే రక్తంలోని గ్లూకోజుని లోపలికి లాక్కుంటుంది. దాని పనికి ఇంధనం ఏటీపీ. 1929లో దాన్ని కనిపెట్టినవాళ్ళలో భీమవరంలో పుట్టిన మన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు. ఇక నడక బలం ఎంతో చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం 2006లో లెక్కగట్టి చూపింది. షుగరు అంచున ఉన్న 531 మందిని మూడేళ్ళ దాకా గమనిస్తే, మామూలు సలహాతో సరిపెట్టినవాళ్ళలో 55 శాతం మందికి వ్యాధి వచ్చింది. తిండీ నడకా మార్చుకున్నవాళ్ళలో 39.3 శాతం. మెట్‌ఫార్మిన్ వేసుకున్నవాళ్ళలో 40.5 శాతం. అంచున ఉన్నవాడికి నడక మాత్రతో సమానమన్నమాట. అంచు దాటినవాడికి మాత్ర కూడా కావాలి.

సింగపూరు 2016లో షుగరు మీద యుద్ధమే ప్రకటించింది. 2017 ఆగస్టులో ప్రధాని లీ సియెన్ లూంగ్ జాతినుద్దేశించిన ప్రసంగంలో, 60 ఏళ్ళు దాటినవాళ్ళలో పదిమందికి ముగ్గురికి షుగరుందనీ, భారతీయుల్లో అయితే ఆరుగురికనీ చెప్పారు. మంచి ఆసుపత్రులకి కొదవలేని దేశంలో ఆరుగురు! అంటే మందు అందుబాటులో ఉండటం ఒక్కటే సరిపోదనేగా? అందుకే ఇక్కడి ప్రభుత్వం జనానికి అడుగులు లెక్కపెట్టే పట్టీలిచ్చి నడిపించింది. 2022 డిసెంబరు 30 నుంచి సీసా పానీయాల మీద చక్కెరని బట్టి ఎ, బి, సి, డి గ్రేడ్లు పెట్టి, డి గ్రేడుకి ప్రకటనలు నిషేధించింది.

నేను చేసింది పెద్దగా ఏమీ లేదు. అన్నం సగానికి తగ్గించి, పప్పూ కూరా పెంచాను. కాఫీ కొట్లో "కోసోంగ్" అనడం నేర్చుకున్నాను. అది మలయ్ మాట, ఖాళీ అని అర్థం. పంచదార వద్దంటే ఇక్కడ అలాగే అడగాలి. రోజూ నలభై నిమిషాలు నడుస్తున్నాను. మూడు నెలల సగటు చూపే పరీక్ష 8.1 నుంచి ఏడాదిలో 6.5కి దిగింది. "ఇక మాత్ర మానేయచ్చా?" అని ఆశగా అడిగాను. "ఈ 6.5 తెచ్చినవాళ్ళలో మాత్ర కూడా ఉంది" అంది డాక్టరు. మానలేదు.

మొన్న సంక్రాంతికి తమ్ముడు ఫోన్ చేశాడు. వాడికీ షుగరు తేలిందట. "ఏం ఫరవాలేదన్నయ్యా, మాత్ర ఇచ్చారు" అన్నాడు. సరిగ్గా నాన్నగారి గొంతే. ఏటా పండక్కి మిఠాయికని డబ్బు పంపేవాణ్ణి. ఈసారి వాడి పాదం కొలత అడిగి బూట్లు పంపాను. వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి రాళ్ళూ ముళ్ళూ లేవని చూసుకోమన్నాను. సాయంత్రం ఆరింటికి వాడు తణుకు కాలవగట్టు మీద నడుస్తున్నాడు. అప్పటికి నాకిక్కడ ఎనిమిదిన్నర, బాలెస్టియర్ రోడ్డు మీద ఉంటాను. ఇద్దరం ఫోన్లో మాట్లాడుకుంటూ నడుస్తున్నాం.