తుపాకీ ఆనిక: చరిత్ర, ఎంపిక

బల్ల మీద ఆనించి కాల్చే రైఫిల్ పోటీల్లో తుపాకీ ముందు భాగాన్ని మోసే ఊతే ఆనిక. షూటర్లు దీన్ని ఫ్రంట్ రెస్ట్ అంటారు. మూడు కాళ్ల ఇనుప పీఠం, ఎత్తు సరిచేసే మర, పైన ఇసుక నింపిన సంచి: దీని రూపం స్థూలంగా ఇంతే. తుపాకీ మడమ కింద మరో చిన్న ఇసుక సంచి ఉంటుంది. ఈ రెండింటి మీద రైఫిల్‌ను పెట్టి, ఐదు లేదా పది తూటాలు వీలైనంత వరకు ఒకే రంధ్రంలోంచి దూసుకుపోయేలా కాల్చడం బెంచ్‌రెస్ట్ క్రీడ. తూటాల గుంపు ఎంత చిన్నదైతే అంత గెలుపు.

ఆనిక అవసరం తుపాకీ బరువుతో పుట్టింది. 16వ శతాబ్దపు ఐరోపా సైనికుడు బరువైన మస్కెట్‌తో పాటు పంగల కర్రనూ మోసేవాడు. నేలలో గుచ్చిన ఆ పంగలో గొట్టాన్ని ఆనిస్తే తప్ప గురి కుదిరేది కాదు. 1607లో జాకబ్ డి గెయిన్ వెలువరించిన కవాతు చిత్రాల్లో ఈ కర్రను పట్టుకునే తీరు అడుగడుగునా కనిపిస్తుంది. తర్వాత మస్కెట్లు తేలికయ్యాయి, పంగల కర్ర అటకెక్కింది.

కచ్చితత్వం కోసమే ఆనికను వాడటం అమెరికాలో స్థిరపడింది. కొలరాడోకు చెందిన సి.డబ్ల్యు. రోలాండ్ 1901లో 200 గజాల నుంచి కాల్చిన పది గుండ్ల గుంపు 0.725 అంగుళం, అంటే సుమారు 18 మిల్లీమీటర్లు. మసాచుసెట్స్ వైద్యుడు ఫ్రాంక్లిన్ మాన్ తూటా ఎందుకు దారి తప్పుతుందో తేల్చుకోవడానికి ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశాడు. కాంక్రీటు దిమ్మె కట్టి, దాని మీది V ఆకారపు లోహపు గాడిలో గొట్టాన్ని ఉంచి కాల్చేవాడు. తుపాకీ తప్పు ఎంత, మనిషి తప్పు ఎంత అన్నది అలా విడదీశాడు. ఆ ఫలితాలు 1909లో పుస్తకంగా వచ్చాయి. ఆనిక చరిత్రలో ఇంతకు మించిన మలుపు లేదు. ఊత అనేది అలసట తీర్చే సాయం మాత్రమే కాదు, కొలమానం కూడా అని నిరూపించింది ఆయనే.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇది వ్యవస్థీకృత క్రీడ అయింది. అమెరికా జాతీయ బెంచ్‌రెస్ట్ సంఘం 1951లో, ఇంటర్నేషనల్ బెంచ్‌రెస్ట్ షూటర్స్ 1970లో ఏర్పడ్డాయి. 1973లో మాక్ మెక్‌మిలన్ 100 గజాల నుంచి ఐదు గుండ్లను 0.009 అంగుళంలో కుదించాడు. నలభై ఏళ్ల పాటు నిలిచిన ఆ రికార్డును 2013లో మైక్ స్టిన్నెట్ 0.0077 అంగుళంతో దాటాడు. పరికరాలూ మారాయి. ఎత్తుకొకటి, పక్కకొకటి మరలు తిప్పే ఆనికల తర్వాత, ఒకే పిడితో రెండు దిక్కులా గురిని సరిచేసేవి వచ్చాయి. ఈ రకంలో పేరున్న ‘సెబ్’ ఆనికలు ఇండొనేషియాలో తయారవుతాయి. కెనడాకు చెందిన జార్జ్ ఫార్కర్సన్ పేరు మీదుగా వచ్చిన ఎఫ్-క్లాస్ పోటీలు, నేల మీద పడుకుని కాల్చేవారికీ ఆనికను దగ్గర చేశాయి.

ఒక చిన్న లెక్క చూస్తే ఆనిక విలువ తెలుస్తుంది. రెండు ఊతల మధ్య దూరం 70 సెంటీమీటర్లు అనుకుందాం. ముందు ఊత ఒక మిల్లీమీటరులో పదో వంతు, అంటే దాదాపు వెంట్రుక మందం, పక్కకు జరిగితే 100 గజాల దగ్గర తూటా 13 మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. పై రికార్డు గుంపు పావు మిల్లీమీటరు కూడా లేదు. పైగా తూటా గొట్టం దాటకముందే తుపాకీ వెనక్కి తన్నడం మొదలవుతుంది. 4.76 కిలోల పోటీ రైఫిల్ ఆ వెయ్యోవంతు సెకనులో అర మిల్లీమీటరు పైగా వెనక్కి జారుతుంది. ఆ జారుడు ప్రతిసారీ ఒకేలా ఉండాలి. సంచి ఒకసారి పట్టేసి మరోసారి వదిలేస్తే ఎంత ఖరీదైన గొట్టమైనా వృథా.

ఇదంతా పోటీ బల్లల మాట. మన నర్సీపట్నం ప్రాంతంలో తుపాకీ కథ వేరు. గూడెం కొండలకు వాకిలి లాంటి ఈ ఊరు ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల నుంచి వరుసగా 11, 7, 8, మొత్తం 26 తుపాకులు పట్టుకుపోయింది. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో ముందు నడిచిన పోలీసులను పోనిచ్చి, వెనక వస్తున్న ఇంగ్లీషు అధికారులు కవర్డ్, హైటర్‌లను కాల్చారు. కొండదారిలో మాటువేసినవాడికి బండో మానుమొదలో ఆనిక. ఇనుప పీఠంతో అతనికి పనిలేదు.

తెలుగునాట క్రీడగా రైఫిల్ షూటింగ్ ఎదిగింది ఆనిక లేని పోటీల్లోనే. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం గెలిచింది నిలబడి, చేతులతో పట్టి కాల్చే పోటీలో. ఒలింపిక్స్‌లో పడుకుని కాల్చేటప్పుడు తోలు పట్టీ వాడనిస్తారు గానీ ఆనికను ఒప్పుకోరు. పారాలింపిక్స్‌లో మాత్రం, చేతులతో రైఫిల్ బరువు మోయలేని ఎస్‌హెచ్2 విభాగం క్రీడాకారులకు స్ప్రింగు మీద కదిలే స్టాండు ఇస్తారు. ఆనిక చేసిన మేలుల్లో ఇదే గొప్పదని చెప్పాలి.

ఎంపికలో మొదట చూడాల్సింది బరువు. తేలిక పీఠం తన్నుకు కదిలిపోతుంది. బల్ల ఎగుడుదిగుడుగా ఉన్నా మూడు కాళ్లు నిలకడగా నిలుస్తాయి, నాలుగు కాళ్లయితే ఊగుతాయి. పై సంచి తుపాకీ ముందు కర్రకు సరిగ్గా అమరాలి. పోటీ రైఫిళ్లలో ఆ కర్ర వెడల్పు సాధారణంగా 3 అంగుళాలు. వదులైతే తుపాకీ పక్కలకు ఆడుతుంది, బిగుతైతే జారదు. ఇక ఇసుక. అనుభవజ్ఞులు మామూలు ఇసుక కన్నా బరువైన జిర్కాన్ ఇసుకను ఇష్టపడతారు. మామూలు ఇసుక సాంద్రత 2.65 అయితే దీనిది దాదాపు 4.6. మన భీమునిపట్నం తీరపు నల్ల ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్‌లతో పాటు ఈ జిర్కాన్ కూడా ఉంది. అయితే అది అణు ఖనిజాల జాబితాలోనిది, ఎవరికి వారు తవ్వుకునేది కాదు. కడిగి, జల్లించి, బాగా ఎండబెట్టిన ఏటి ఇసుక చాలు. వానాకాలం తేమకు సంచి గట్టిపడితే విప్పి మళ్లీ ఎండబెట్టాలి.

కొత్తగా మొదలుపెట్టేవారు మరలున్న ఆనికకు డబ్బు పోయకముందు రెండు మంచి ఇసుక సంచులతో ఒక ఏడాది కాల్చి చూడాలి. రైఫిల్ కొనాలంటే 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు తప్పనిసరి, కాల్చడం అనుమతి ఉన్న రేంజిలో మాత్రమే.